భౌతికశాస్త్రమునకు పెక్కు ద్వారములు

రేడియోలో భౌతికశాస్త్రమును గూర్చి ప్రసంగించువాని కొక చిక్కు గలదు. నల్లబల్ల లేదు, సుద్దముక్క లేదు, బొమ్మ గీసి చూపుటకు వీలు లేదు. వినువారికి ఆతని చేతులైనను కనబడవు. మాట, చప్పుడు, వినువారి యనుభవము - ఈ మూటి సాయముతోనే గురుత్వాకర్షణమును, ధ్వనిని, బలమును తెలియజెప్పవలెను. అట్లు చెప్పుట సాధ్యమే యని రేడియో వినుట కలవాటుపడిన కుటుంబముల వారందరును ఎరుగుదురు. అయినచో, చూపులేని బాలునకు భౌతికశాస్త్రము నేర్పుట అలవి కాదని పెద్దలు చిరకాలము ఏల తలచిరి? నేటి ప్రసంగమునకు ఈ ప్రశ్నయే మూలము.

నెల్లూరు సముద్రతీరపు దక్షిణపు కొసను, పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమ, శ్రీహరికోట యను దీవి యున్నది. రాకెట్టు ప్రయోగములకై ఈ స్థలమును 1969లో ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి-125 అను చిన్న రాకెట్టు ఇచ్చటనుండి మొదటిసారిగా పైకి లేచినది. 2022లో జిల్లాలను పునర్విభజించినప్పుడు సూళ్ళూరుపేట ప్రాంతముతో పాటు ఈ దీవియు తిరుపతి జిల్లాలో చేరినది. అయినను తీర మదియే, గాలి యదియే, ప్రయోగదినమున మిద్దెల పైకెక్కి ఆకాశము వంక చూచు జనులును వారే.

అట్టి యొక మిద్దెమీద నలుగురు పిల్లలు నిలిచియున్నారని యూహింతము. ఆ ఇల్లు ప్రయోగవేదికకు సరిగా 17 కిలోమీటర్ల దూరమున నున్నదనుకొందము. ఒక బాలికకు కన్నులు, చెవులు చక్కగా నున్నవి. ఒక బాలునకు చూపు లేదు. ఇంకొకనికి వినికిడి లేదు. నాలుగవ బాలిక బడిలో చెప్పిన పాఠమును ఒక్కమారు విన్నంతనే గ్రహించి, తరువాత ఏమి చేయవలెనో తెలియక విసుగుపడుచుండు చురుకైన పిల్ల.

నిప్పు కనబడినది. మొదటి బాలిక "అదిగో, లేచింది!" అని కేక వేసినది. చూపులేని బాలుడు ఆ కేక విన్న క్షణమునుండి సెకనుల లెక్క మొదలుపెట్టినాడు. చుట్టును నిశ్శబ్దము. ఏబది లెక్క పెట్టుసరికి ఉరుమువంటి గర్జన వచ్చి తాకినది. ధ్వని గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్ల వంతున పయనించును. ఏబదిని మూడువందల నలుబదిచే హెచ్చింపగా పదునేడువేల మీటర్లు, అనగా 17 కిలోమీటర్లు. వెలుగు సెకనునకు సుమారు మూడులక్షల కిలోమీటర్లు పోవును గనుక, ఈ దూరము దాటుటకు దానికి సెకనులో పదునేడువేలవ వంతైనను పట్టదు. కావున దాని యాలస్యమును లెక్కలో చేర్చ నక్కరలేదు. వినికిడి లేని బాలుడు ఇనుప తలుపుమీద అరచేయి ఆనించి నిలిచినాడు. ధ్వని వచ్చినప్పుడు తలుపు అదరినది. అదరిన క్షణమును ఆతడును వ్రేలెత్తి చూపగలిగినాడు.

ఇప్పు డొకమాట ఆలోచింపుడు. చూపుగల బాలిక ఒక వేడుకను చూచినది. చూపులేని బాలుడు దూరమును కొలిచినాడు. భౌతికశాస్త్రము ఈ ఇరువురిలో ఎవరికి దగ్గరగా వచ్చినది?

ఈ లెక్క ప్రాణరక్షణకును పనికివచ్చును. మెరుపునకును ఉరుమునకును నడుమ మూడు సెకనులు గడచినచో పిడుగు పడిన చోటు ఒక కిలోమీటరు దూరమున నున్నదని యర్థము. ముప్పది సెకనులైనచో పది కిలోమీటర్లు. అంత దూరమున నున్న మబ్బునుండియు పిడుగు మన మీద పడవచ్చును. కనుక మెరుపు చూడలేనివాడు ఉరుము వినబడినంతనే ఇంటిలోనికి పోవలెను. ఉరుము వినలేనివాడు మెరుపు కనబడినంతనే పోవలెను. కారణము తెలిసినవానికి ఈ నియమము రెండు విధములను ఒకటే. సముద్రపు టొడ్డున వలలారవేయు కుటుంబములలోని పిల్లలకు ఇంతకంటె ముఖ్యమైన పాఠము మరియొకటి కలదా?

మిద్దె దిగి ఇంటిలోనికి వత్తము. పడు వస్తువు వేగము క్షణక్షణమునకు పెరుగునని పాఠ్యపుస్తకము చెప్పును. ఒక సమీకరణమును వ్రాసి, ఒక వంకరగీతను గీసి చూపును. ఆ గీతను చూడలేని పిల్లవాని మాట యటుంచుడు. చూచిన పిల్లలలోనైనను ఎందరికి అది మనసున కెక్కుచున్నది? దీనికి మా రొక మార్గము గలదు. మీ ఇంటనే చేసి చూడవచ్చును.

సన్నని గట్టి దారమును, ఐదు ఇనుప నట్లను తీసికొనుడు. మొదటి నట్టును దారము చివర కట్టుడు. అక్కడినుండి అరజాన దూరమున రెండవదానిని, రెండు జానల దూరమున మూడవదానిని, నాలుగున్నర జానల దూరమున నాలుగవదానిని, ఎనిమిది జానల దూరమున ఐదవదానిని కట్టుడు. దూరములన్నియు మొదటి నట్టునుండియే కొలువవలెను. నేలమీద ఇత్తడి తాంబాళమును బోర్లించి, పెద్దవా రొకరు ముక్కాలిపీట యెక్కి, మొదటి నట్టు తాంబాళమును తాకియుండునట్లు దారమును నిలువుగా పట్టుకొని, ఒక్కసారిగా విడువవలెను. టక్, టక్, టక్, టక్ అని నాలుగు దెబ్బలు వినబడును. నట్ల నడుమ దూరములు అంతకంతకు పెరిగినను, దెబ్బల నడుమ కాలము మాత్రము సమానముగా నుండును. ఒక్కొక్క దెబ్బకు నడుమ సెకనులో సుమారు ఏడవ వంతు. తాళము తప్పదు.

మరియొక దారమునకు నట్లను సమదూరములలో, అనగా రెండేసి జానల కొకటి వంతున, కట్టి విడిచి చూడుడు. ఈసారి దెబ్బలు రాను రాను దగ్గరపడి ఒకదానిమీద ఒకటి వచ్చి పడును. పైనుండి వచ్చు నట్టు ఎక్కువ దూరము పడివచ్చినది గనుక ఎక్కువ వేగముతో వచ్చినది. వేగవృద్ధి యనగా నేమో చెవికి తెలిసినది. వినికిడి లేని పిల్లవాడు తాంబాళపు అంచున వ్రేళ్ళు ఆనించినచో ఆ తాళమే ఆతని చేతికి తెలియును.

ఇక లెక్క చూతము. అరజాన నొక మెట్టుగా తీసికొన్నచో మొదటి దారమునందలి దూరములు 1, 4, 9, 16 మెట్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అను అంకెల వర్గములివి. ఒకదాని కొకటి నడుమ నున్న యెడములు 1, 3, 5, 7. బేసిసంఖ్యలు వరుసగా నిలిచినవి. పడు వస్తువునకు ఈ నియమము గలదని చాటిన శాస్త్రజ్ఞుడు గెలీలియో. ఆతని తండ్రి విన్సెంజో తంత్రీవాద్యమున ప్రవీణుడు. గెలీలియో ఈ విషయమును వివరించిన మహాగ్రంథము 1638లో లైడెను నగరమున అచ్చయినది. అప్పటికే ఆతని రెండు కన్నులకును చూపు పోయినది. ఆ తరువాత ఆతడు లోలకముతో గడియారమును నడుపు ఉపాయమును ఆలోచించి, తన కుమారునకు నోటిమాటగా వివరించెను. చూపు పోయినంతమాత్రమున శాస్త్రము ఆతని విడిచిపోలేదు.

గెలీలియో నడివయసు దాటిన పిమ్మట చూపు పోగొట్టుకొన్నవాడు గదా యని కొంద రనవచ్చును. అట్టివారికి నికొలాస్ సాండర్సను వృత్తాంతము సమాధానము. ఆతడు 1682లో ఇంగ్లండున జన్మించెను. ఏడాది వయసునందే మశూచికము వలన రెండు కన్నులును పోయెను. 1711లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున, అంతకుముందు న్యూటను అధిష్ఠించిన గణితాచార్య పీఠమునకే ఆతడు ఎన్నిక యయ్యెను. వెలుగును, కటకములను, ఇంద్రధనుస్సును గూర్చి ఆతడు చేసిన బోధనలను వినుటకు విద్యార్థులు గుంపులుగా వచ్చెడివారు. వెలుగును ఎన్నడును చూచి యెరుగనివాడు వెలుగు నడచు మార్గమును బోధించెను! కిరణము సరళరేఖలో పోవుననియు, అద్దముమీద పడి అంతే కోణముతో మరలుననియు తెలిసికొనుటకు కావలసినది రేఖాగణితము. ఆ రేఖాగణితమును ఆతడు పలకమీద గుండుసూదులు గ్రుచ్చి, వానికి దారములు చుట్టి, వ్రేళ్ళతో తడవి నేర్చుకొనెను.

గుండుసూది, దారము, మందపు అట్ట - ఈ మూడును ఏ పల్లెటూరి బడిలో దొరకవు? సమవేగముతో పోవు బండి గ్రాఫును దారముతో వేసినచో తిన్నగా సాగిన ఏటవాలు వ్రేళ్ళకు తగులును. పడు రాయి గ్రాఫు అయినచో రాను రాను నిటారైన వంపు తగులును. చూపుగల పిల్లలును ఒకమారు కన్నులు మూసికొని దానిని తడవినచో, గ్రాఫు అనగా నేమో ఎన్నడును మరువరు.

ఇంత తెలిసియుండియు మనము ఏమి చేసితిమి? దూరదేశముల మాట కాదు, మన తెలుగునాటి మాటయే చెప్పెదను. మచిలీపట్టణమునకు సమీపముననున్న సీతారామపురమున పుట్టుచూపు లేని బాలు డొకడు జన్మించెను. ఆతని పేరు బొల్లా శ్రీకాంత్. హైదరాబాదున అంధుల పాఠశాలలో చదివి, పదవ తరగతిలో తొంబది శాతమునకు మించిన మార్కులు పొందెను. పైతరగతిలో గణితమును, భౌతికశాస్త్రమును చదువగోరెను. ఆ పాఠములలో బొమ్మలును గ్రాఫులును ఉండును గనుక అంధునకు అవి తగవని నాటి నిబంధనలు అడ్డు చెప్పినవి. ఒక ఉపాధ్యాయురాలు ఆతనికి అండగా నిలిచెను. వారు న్యాయస్థానమునకు పోయిరి. తీర్పు వచ్చువరకు నెలల తరబడి వేచియుండవలసి వచ్చెను. అనుమతి లభించిన పిమ్మట ఆతడు పాఠములను ధ్వనిరూపమున విని చదివి, తొంబదియెనిమిది శాతము మార్కులతో ఉత్తీర్ణుడయ్యెను. అటుపై అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివెను. తిరిగివచ్చి 2012లో హైదరాబాదున పరిశ్రమను స్థాపించి, అంగవైకల్యము గలవారికి అందులో పని కల్పించెను. 2024లో ఆతని జీవితమునుగూర్చి హిందీలో చలనచిత్రమును వెలువడినది.

ఈ కథ విన్నప్పుడు మనము ఆతని పట్టుదలను మెచ్చుకొందుము. మెచ్చుకొనవలసినదే. కాని, న్యాయస్థానమునకు పోవుటకు ధైర్యము గాని, అండగా నిలుచు ఉపాధ్యాయురాలు గాని లేక, "నీకిది తగదు" అనిన మాటతో ఇంటికి మరలిన పిల్ల లెందరో! వారి పేర్లు మన కెవరికిని తెలియవు. ఒక పిల్లవాడు గెలిచినందుకు సంతోషించుచునే, అట్టి పోరాటము ఇంకొకరికి అవసరము కాకుండునట్లు చూచుట మన విధి.

వినికిడి లేని పిల్లల చిక్కు వేరు. వారికి బొమ్మ కనబడును, మాట యందదు. భౌతికశాస్త్రమున మాటలు మిక్కిలి జాగ్రత్తగా వాడవలసినవి. నిత్యవ్యవహారమున బలము, శక్తి, సామర్థ్యము అను మూడు మాటలను మనము ఒకే యర్థమున వాడుదుము. శాస్త్రమున తోయుట, లాగుట బలము. పని చేయుటకు గల యోగ్యత శక్తి. ఆ పని ఎంత త్వరగా జరుగునో తెలుపునది సామర్థ్యము. ఈ మూటికిని చేసైగలలో మూడు వేరువేరు గుర్తులు ముందుగా ఏర్పరచుకొననిచో వినికిడి లేని పిల్లవానికి పాఠ మంతయు కలగాపులగమగును. ఇంకొక చిన్న విషయము. ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి వ్రాయుచు మాటాడినచో, పెదవుల కదలికను చూచి గ్రహించు పిల్లవానికి ఆ మాటలన్నియు పోయినట్లే. ముందు వ్రాసి, పిదప తరగతివైపు తిరిగి మాటాడుటకు ఖర్చేమియు లేదు.

శ్రీహరికోటనుండి రాకెట్టు లేచినప్పుడెల్ల తలచుకొనవలసిన వాడొకడు రష్యాలో నుండెను. కాన్‌స్టాంటిన్ సియొల్కోవ్‌స్కీ 1857లో జన్మించెను. పదియేండ్ల ప్రాయమున విషజ్వరము వలన వినికిడి చాలవరకు పోయెను. బడిచదువు సాగలేదు. మాస్కో గ్రంథాలయమున తనంత తానే గణితమును, భౌతికశాస్త్రమును చదువుకొని, పిమ్మట చిన్న ఊళ్ళలో గణితోపాధ్యాయుడుగా జీవించెను. రాకెట్టుతో అంతరిక్షమునకు పోవుట ఎట్లో గణితపూర్వకముగా వివరించు వ్యాసమును 1903లో ప్రకటించెను. దాని మూలసూత్రము పులికాటు పడవవానికి తెలిసినదే. గెడతో నేలను వెనుకకు త్రోసినచో పడవ ముందుకు పోవును. ఆకాశమున గెడ మోపుటకు నేల లేదు గనుక, రాకెట్టు తన కడుపులోని వాయువును తానే క్రిందికి త్రోసి పైకి లేచును. గాలి నిండిన బుడగను చేతిలో నుంచి మూతి వదలినచో, గాలి ఒకవైపునకు చిమ్ముటయు, బుడగ మరియొకవైపునకు గుంజుటయు చూపులేని బిడ్డకైనను, వినికిడి లేని బిడ్డకైనను అరచేతిలోనే తెలియును.

ఇక నాలుగవ బాలిక, చురుకైన పిల్ల. అట్టివారిని వెదకి ప్రోత్సహించుటకు మన దేశమున ఏర్పాట్లు జరిగినవి. జాతీయ విజ్ఞానప్రతిభాన్వేషణ పరీక్ష 1963లో మొదలైనది. 2019లో ఇస్రో సంస్థ "యువికా" అను పేర తొమ్మిదవ తరగతి బాలబాలికలకు అంతరిక్షశాస్త్ర శిక్షణ నారంభించినది. ఇవి మంచివే. అయినను అట్టి పిల్లకు ప్రతిదినమును ఆహారము పెట్టవలసినది ఇల్లును, బడియును. పైతరగతి లెక్కలను ముందుగానే వల్లె వేయించుట ఆమెకు ఆహారము కాదు. చేసిన ప్రయోగమునే ఇంకను లోతుగా ప్రశ్నించుటకు అవకాశ మిచ్చుట ఆహారము.

నట్ల దారమునే తీసికొందము. "బరువైన నట్లు కట్టినచో తాళము మారునా?" అని యామెను అడుగుడు. చేసి చూచి, మారదని తానే చెప్పును. "ఇదే దారమును చంద్రునిమీద విడిచినచో నేమగును?" అని యడుగుడు. 2023 జులై 14న ఈ తీరమునుండియే బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రునిపై దిగినది గనుక ఈ ప్రశ్న గాలికబురు కాదు. అచ్చట ఆకర్షణ భూమిమీది దానిలో ఆరవ వంతు. కావున దెబ్బ దెబ్బకు నడుమ కాలము దాదాపు రెండున్నర రెట్లగును. తాళము మందగించునే గాని తప్పదు. ఆ లెక్క తేల్చిన పిమ్మట ఆ బాలికకే మరియొకటి స్ఫురింపవచ్చును. చంద్రునిమీద గాలి లేదు. గాలి లేనిచోట ధ్వని చెవికి చేరదు. మరి ఆ దెబ్బలను ఎవరు తెలిసికొనగలరు? తాంబాళపు అంచున వ్రేళ్ళు ఆనించిన వినికిడి లేని బాలుడు! ఆతని పద్ధతియే అచ్చట పనికివచ్చును.

నేను చెప్పదలచిన విషయ మంతయు ఇందులోనే యున్నది. ప్రతిభగల పిల్లలు వేరు, అంగవైకల్యము గల పిల్లలు వేరు అని రెండు గదులు కట్టి, నడుమ గోడ పెట్టుట పొరపాటు. సాండర్సను ఏ గదిలోనివాడు? సియొల్కోవ్‌స్కీ ఏ గదిలోనివాడు? ఒకే ప్రయోగమును నలుగురు నాలుగు విధముల నెరిగి, ఒకరికొకరు చెప్పుకొన్నచో, ఏ యొక్కరికిని తెలియనిది అందరికిని తెలియును.

అందరు పిల్లలును శాస్త్రజ్ఞులు కావలెనని నా యభిప్రాయము కాదు. బుద్ధి నెమ్మదిగా వికసించు పిల్లలు కొందరుందురు. వారికి సూత్రములు అక్కరలేదు. తడిచేతితో విద్యుత్తు మీటను తాకరాదనియు, బరువు నెత్తునప్పుడు గునపపు పొడవైన కొసను పట్టవలెననియు, వేడి గిన్నెను పొడిగుడ్డతో దింపవలెననియు చేసి చూపినచో చాలును. అదియును భౌతికశాస్త్రమే. అది వారిని ఒకరిపై ఆధారపడకుండ నిలుపును.

చట్టము నేడు ఈ పిల్లల పక్షమున నున్నది. 1995 నాటి చట్టము ఏడు విధములైన వైకల్యములనే గుర్తించెను. 2016లో చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధములను గుర్తించుచున్నది. చదువుటలోను, వ్రాయుటలోను మాత్రమే కలుగు ఇబ్బందియు అందులో చేరినది. నిర్ణీత పరిమాణమున వైకల్యము గల ఆరునుండి పదునెనిమిది సంవత్సరముల పిల్లలకు ఉచితవిద్య హక్కుగా నేర్పడినది. పరీక్షలలో వ్రాయుటకు సహాయకుని పొందుటకును, గంటకు ఇరువది నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలము పొందుటకును నియమములు గలవు. తలిదండ్రులు వీనిని తెలిసికొని అడుగవలెను. కాని చట్టము పరీక్షామందిరపు తలుపును మాత్రమే తెరువగలదు. తాంబాళమును బోర్లించి దారము పట్టుకొని పీట యెక్కవలసినవారు మనమే.

ఈ రాత్రి భోజనములైన పిమ్మట ఐదు నట్లను, ఒక దారమును వెదకి తీయుడు. ఇంటిలోని పిల్లలనే కాక, పొరుగింటి పిల్లలను గూడ పిలువుడు. ముఖ్యముగా, ఇదివరలో "నీకిది తెలియదులే" అని మీరు పిలువక విడిచిన బిడ్డ ఒకరున్నచో, ఆ బిడ్డను ముందుగా పిలిచి తాంబాళపు దగ్గర కూర్చుండబెట్టుడు.